రిమార్కుల గడి

ముప్పై రెండో మీటరు దగ్గర ఊపిరి బిగబట్టాలి.
మొదటిరోజే చెప్పాడు ఒలొక్సోయ్,
నిచ్చెన కింద నిలబడి, చేతి తొడుగు పళ్ళతో లాగుతూ:
"ఆ గొట్టం అడవి ఊపిరి కోసం.
నీది కలిసిందా, లెక్కలో దొంగ పద్దు పడుతుంది."

ఎనిమిదేళ్ళయింది.
లేనా నదికి ఇవతలి గట్టున, లార్చి చెట్ల తలలు దాటి
ఇనుప స్తంభం.
కొసన మూడు వేళ్ళు ముడిచిన చెయ్యిలాంటి పరికరం
సెకనుకు పదిసార్లు గాలిని అడుగుతుంది:
పైకా, కిందికా? ఏం మోసుకెళ్తున్నావ్?

జూన్‌లో అడవిది జమ.
లేత సూదాకులు బొగ్గుపులుసు గాలిని
గుక్కలు గుక్కలుగా లోపలేసుకుంటాయి.
చీకటిపడని రాత్రుల్లో నేల కొంత తిరిగిచ్చేస్తుంది.
సెప్టెంబరుకి సూదులన్నీ పచ్చబడి రాలాక
మిగిలిందెంతయ్యా అంటే, చదరపు మీటరుకి ఓ గుప్పెడు.
ఆ గుప్పెడు కోసం
సప్పొరోలో ఇసోమురా గారు, గ్రోనింగెన్‌లో వీట్స్కె,
ఒకరు పడుకునే వేళకి ఒకరు లేచి
ఒకే గీతని చూస్తారు.
ఇద్దరూ ఎదురుపడింది ఒక్కసారే, మా వంటగదిలో.
గుర్రప్పాల పులుపుకి ఇద్దరూ ఒకేలా కళ్ళు మూశారు.

నా పని చిన్నది. మంచు తుడవడం,
ఎలుకలు కొరికిన తీగ మార్చడం,
ఊచని నేలలోకి దించి, కరగని మంచు తగిలి ఠంగుమన్న చోట
గోటితో గుర్తు పెట్టుకోవడం.
ఒలొక్సోయ్ కొత్తలో మోకాలి లోతున ఆగేదట ఊచ.
ఇప్పుడు తొడ దాటింది.
ఆయన దాన్ని గురించి ఏమీ అనలేదు.
పొడుగాటి ఊచ కొట్టించాడంతే.

కిందటి జూలైలో పొగ వచ్చింది.
ముందు వాసన, తర్వాత ఎర్రటి సూర్యుడు,
ఆ తర్వాత సూర్యుడే లేడు.
సాయంత్రమనుకుని ఆవులు మధ్యాహ్నమే పాకకొచ్చేశాయి.
డీజిలు తెచ్చే పడవ ఎక్కడో ఆగిపోయింది, జనరేటరు ఆరింది.
పదకొండు రోజులు స్తంభం ఏమీ వినలేదు.
ఆ పదకొండు రోజులూ మేము
నాచు చెక్కి, మంటకి అడ్డంగా కందకం తవ్వుతున్నాం.
తొమ్మిదో రోజు ఒలొక్సోయ్ పార ఆన్చి కూర్చున్నాడు.
కాస్త గాలాడనీ, అన్నాడు.
డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. మళ్ళీ లేవలేదు.

ఆగస్టులో వీట్స్కె రాసింది:
దిగులు పడకు క్యున్నెయ్, ఖాళీ పూడ్చేశాం.
ముందు వారం ఎండ, తర్వాతి వారం వేడి తీసుకుని
మధ్యలో ఏం జరిగుంటుందో యంత్రం అల్లేస్తుంది.
చూశాను. చక్కటి గీత.
పగలు దిగింది, రాత్రి ఎక్కింది.
తొమ్మిదో రోజు కూడా.

కోపం రాలేదు. ఏడాది లెక్క మూయాలి కదా,
మాసిక వెయ్యని చొక్కా ఎవరు తొడుక్కుంటారు?
స్తంభం పుస్తకంలో రిమార్కుల గడి వేలెడంత.
అందులో రాశాను:
పొగ. కింద నుంచి రెండో అంతస్తు కనబడలేదు.
దోమలు లేవు. ఒలొక్సోయ్ పోయాడు.
ఇంకా కాస్త చోటు మిగిలితే, బూడిద, అని రాశాను.

నవంబరులో ఇసోమురా గారి ప్రశ్న:
రెండో అంతస్తు కనబడనిది పొద్దున మాత్రమేనా, రోజంతానా?
ఒక పంక్తి వదిలేసి:
నాకు నిచ్చెన ఎక్కడం నేర్పింది ఆయనే.

ఇవాళ సున్నాకి నలభై ఎనిమిది కింద.
అడవి ఇవ్వదు, పుచ్చుకోదు.
వదిలిన ఊపిరి గడ్డకట్టి, చెవి పక్కన
నూకలు జారినట్టు చప్పుడు.
ముప్పై రెండో మీటరు.
గొట్టానికి ముఖం ఆనించి
ఒక్కసారి, నిండుగా, వదిలాను.

గీత మీద ముల్లు లేచి ఉంటుంది.
గ్రోనింగెన్‌లో యంత్రం పట్టేస్తుంది, తప్పని పీకేస్తుంది.
పీకాలి. నియమం అది.
ఆయనున్నా అదే చేసేవాడు, నన్ను నాలుగు తిట్టి.

దిగొచ్చి, పెన్ను చంకలో వెచ్చబెట్టి, గడిలో రాశాను:
పదీ నలభై. ఊపిరి. నాదే.